పన్నెండో నెల అద్దె ఏ ఒప్పందం కింద?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రోజూ రాసుకునే మామూలు అద్దె ఒప్పందాన్ని తీసుకుందాం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద టైపు చేయించి, నోటరీ ముద్ర వేయించినది. 2024 జూన్ 1 నుంచి 2025 ఏప్రిల్ 30 వరకు, అంటే సరిగ్గా 11 నెలలు. నెల అద్దె 18,000 రూపాయలు. అడ్వాన్సు రెండు నెలలది, 36,000. అద్దె ప్రతి నెలా 5వ తేదీలోగా ఇవ్వాలి. ఖాళీ చేయాలన్నా చేయించాలన్నా రెండు నెలల ముందు చెప్పాలి. గడువు తర్వాత ఇరువురి అంగీకారంతో 5 శాతం పెంపు మీద పొడిగించుకోవచ్చు. ఏప్రిల్ 30 వచ్చింది, పోయింది. ఓనరు ఏమీ అనలేదు, అద్దెకున్నవాళ్ళూ ఏమీ అడగలేదు. మే 5న ఫోనులో 18,900 రూపాయలు వెళ్ళాయి. అవతలి నుంచి సరేనన్నట్టు బొటనవేలు పైకెత్తిన గుర్తు మెసేజీగా వచ్చింది.

ఇద్దరి దృష్టిలోనూ పాత ఒప్పందమే నడుస్తోంది. చట్టం దృష్టిలో ఆ ఒప్పందం ఏప్రిల్ 30తోనే చచ్చిపోయింది. మే 5న ఆ డబ్బు, దానికి వచ్చిన ఆ జవాబు కలిసి ఇంకో అద్దెను పుట్టించాయి. దానికి కాగితం లేదు, ముగింపు తేదీ లేదు. నెల నెలా దానంతట అదే సాగుతుంది.

దీనికి మూలం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. లీజు గడువు తీరాక కూడా అద్దెదారు ఆ చోటే ఉండిపోతే, యజమాని అద్దె తీసుకోవడం ద్వారా గానీ మరో విధంగా గానీ అందుకు సమ్మతిస్తే, వేరే ఒప్పందం ఏదీ అడ్డు లేనప్పుడు లీజు మళ్ళీ మొదలైనట్టేనని 116వ సెక్షన్ అంటుంది. ఎంత కాలానికి మొదలైనట్టు? దానికి 106వ సెక్షన్ వైపు చూడమంటుంది. వ్యవసాయానికో వస్తువుల తయారీకో ఇచ్చినదైతే ఏడాదికి ఏడాది. మిగతా ఏ అవసరానికి ఇచ్చినా నెలకు నెల. కాపురం ఉండే ఇల్లు, కిరాణా దుకాణం, డాక్టరు గారి క్లినిక్కు, ట్యూషన్ సెంటరు అన్నీ ఈ రెండో కోవలోకే వస్తాయి.

అంటే 11 నెలలు ముగిస్తే మళ్ళీ 11 నెలలు మొదలవుతాయన్నది ఉత్త నమ్మకం. అద్దె ఇళ్ళ ప్రపంచంలో దీనంత గట్టిగా పాతుకుపోయిన అపోహ మరొకటి లేదు. పొడిగించుకోవచ్చు అని ఒప్పందంలో ఒక వాక్యం ఉన్నంత మాత్రాన పొడిగింపు జరిగిపోదు. ఆ వాక్యం ఎలా చేయమంటే అలా చేస్తేనే జరుగుతుంది. శాంతి ప్రసాద్ దేవి వర్సెస్ శంకర్ మహతో కేసులో 2005లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన గొడవ దాదాపు ఇదే. లీజు గడువు తీరింది, యజమాని అద్దె తీసుకుంటూ వచ్చాడు, కాబట్టి లీజు పూర్తి కాలానికి పునరుద్ధరణ అయినట్టేనని అద్దెదారు వాదించాడు. పునరుద్ధరణకు ఒప్పందంలో ఒక పద్ధతి రాసుకున్నప్పుడు ఆ పద్ధతి పాటించకుండా, కేవలం అద్దె తీసుకున్నాడన్న కారణంతో లీజు పునరుద్ధరణ అయిందనడం కుదరదని కోర్టు చెప్పింది.

ఇక్కడే 116వ సెక్షన్‌లోని అసలు కీలకం బయటపడుతుంది. అద్దె తీసుకోవడం ఒక్కటే సరిపోదు, ఉండనివ్వడానికి ఒప్పుకున్నట్టు యజమాని ప్రవర్తన చెప్పాలి. 1949లోనే, సుప్రీంకోర్టు ఇంకా ఏర్పడని రోజుల్లో, ఫెడరల్ కోర్టు కై ఖుష్రో కేసులో ఈ సంగతి తేల్చింది. గడువు తర్వాత పుట్టేది కొత్త అద్దె. అది ఇద్దరి సమ్మతితో తప్ప పుట్టదు. ఒక పక్షం ఉండిపోవాలి, రెండో పక్షం ఉండనివ్వాలి. కాబట్టి మే నెల అద్దె అందుకుంటూనే ఓనరు 'ఇది అద్దెగా తీసుకోవడం లేదు, గడువు దాటి వాడుకుంటున్నందుకు పరిహారంగా మాత్రమే తీసుకుంటున్నాను, ఇల్లు ఖాళీ చేయండి' అని రాసి పంపితే కథ మారిపోతుంది. అప్పుడు నెలవారీ అద్దె పుట్టదు. బొటనవేలి గుర్తు పంపిన ఓనరు ఆరు నెలల తర్వాత వచ్చి, నేనసలు ఒప్పుకోలేదంటే మాత్రం నమ్మేవాళ్ళు తక్కువ.

యజమాని ఒప్పుకోకపోయినా ఉండిపోయిన మనిషి పరిస్థితి ఏమిటి? అతను దొంగతనంగా చొరబడ్డవాడు కాడు, ఎందుకంటే వచ్చింది చట్టబద్ధంగానే. అలాగని హక్కుతో ఉన్నవాడూ కాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక సినిమా హాలు లీజు గొడవ ఆర్.వి. భూపాల్ ప్రసాద్ కేసుగా 1995లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. లీజు తీరిపోయిన మనిషి హాలులో ఉండటం చట్టసమ్మతమైన స్వాధీనం అవుతుందా అన్నది ప్రశ్న. కాదని కోర్టు తేల్చింది. అయినా అలాంటి మనిషిని కూడా చట్టం చెప్పిన దారిలో తప్ప బయటికి పంపడానికి వీల్లేదని అదే తీర్పు అంటుంది. సినిమా హాలుకు వర్తించిన ఆ సూత్రమే రెండు గదుల ఫ్లాటుకూ వర్తిస్తుంది.

ఇంతవరకు చెప్పినది దేశమంతటికీ సంబంధించిన లెక్క. తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఒక విచిత్రమైన మెలిక ఉంది. అసలు 11 నెలలే ఎందుకు రాస్తారు? ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేసిన పత్రం ద్వారానే జరగాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ అంటుంది. రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కూడా అలాంటి పత్రాలను రిజిస్టరు చేయమంటుంది. ఏడాది లోపు అయితే ఆ బాదరబందీ లేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరగకుండా, రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా తప్పించుకునే దారి గనుక 11 నెలలు దేశమంతా అలవాటైపోయింది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ వాక్యాన్ని తన వరకు మార్చుకుంది. 'ఏడాదికి మించిన' అన్న పరిమితి తీసేసి, స్థిరాస్తి లీజులన్నిటినీ తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితాలోకి తెచ్చింది. దాంతో ఇక్కడ 11 నెలల పత్రానికైనా రిజిస్ట్రేషన్ తప్పదు. వేరే రాష్ట్రాల్లో చెల్లే చిట్కాను మనవాళ్ళు పాతికేళ్ళుగా గుడ్డిగా వాడుతున్నారు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. ఆ సంతకాలు ఎవరివో చెప్పడానికి తప్ప ఈ విషయంలో అది ఎందుకూ పనికిరాదు.

రిజిస్టరు చేయాల్సిన పత్రాన్ని చేయకపోతే, అందులోని షరతులకు దాన్ని సాక్ష్యంగా కోర్టు తీసుకోదు. ఇల్లు ఎవరి ఆధీనంలో, ఏ సంబంధంతో ఉంది అనే పక్క విషయాలకు మాత్రం చూడవచ్చు. ఇందులో ఒక తమాషా ఉంది. ఏడాదికి మించని లీజును నోటిమాటతో, ఇల్లు అప్పగించడంతో ఇవ్వవచ్చని 107వ సెక్షనే చెబుతోంది. కాబట్టి ఏమీ రాసుకోకుండా తాళంచెవి ఇచ్చినవాడికి ఏ దోషమూ లేదు, జాగ్రత్తగా రాసుకుని రిజిస్టరు చేయించనివాడికే చిక్కు.

ఆ చిక్కు నుంచి బయటపడే దారి కూడా మళ్ళీ నెలవారీ అద్దే. ఆంటొనీ వర్సెస్ ఇట్టూప్ అండ్ సన్స్ అనే కేరళ కేసులో అయిదేళ్ళకని రాసుకున్న లీజు పత్రం రిజిస్టరు కాలేదు. ఆ పత్రం అయిదేళ్ళ లీజుగా చెల్లదు. అయితే భవనం అప్పగించారు, అద్దె తీసుకున్నారు, కాబట్టి ఇద్దరి మధ్యా యజమాని, అద్దెదారు సంబంధం లేదనడానికి వీల్లేదని, అది నెలవారీ అద్దెగా నిలుస్తుందని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని మన 18,000 రూపాయల ఇంటికి అన్వయిస్తే వచ్చే ఫలితం కొంచెం ఇబ్బందికరంగానే ఉంటుంది. ఈ ఇల్లు పన్నెండో నెలలో నెలవారీ అద్దెలోకి మారలేదు. కోర్టు మెట్లెక్కితే మొదటి నెల నుంచే అది నెలవారీదని తేలే అవకాశం ఎక్కువ. 2025 ఏప్రిల్ 30 అనే తేదీ ఆ ఇద్దరి మనసుల్లోనూ, వంద రూపాయల కాగితం మీదా తప్ప మరెక్కడా లేదన్నమాట.

అలాగైతే ఈ చర్చంతా దేనికి అనవచ్చు. గొడవల్లో నూటికి తొంభై కోర్టు దాకా వెళ్ళవు గనుకనే ఇది అవసరం. కాగితంలో ఏముంది, గడువు తర్వాత అందులో ఏది మిగిలింది అన్నదాని మీదే హాల్లో కూర్చుని మాట్లాడుకునే బేరాలు నడుస్తాయి.

గడువు తీరి నెలవారీలోకి వచ్చాక మొదట పోయేది లాకిన్. ఆరు నెలలకు ముందు ఖాళీ చేస్తే అడ్వాన్సు తిరిగి ఇవ్వం లాంటి షరతులు నిర్ణీత గడువును నమ్ముకుని రాసినవి. గడువే లేనప్పుడు వాటికి నిలబడే చోటు లేదు. మిగతా షరతులు, అంటే అద్దె ఎంత, మెయింటెనెన్సు ఎవరు కట్టాలి, రంగులకు ఎంత పట్టుకోవాలి, ఇంకొకరికి అద్దెకు ఇవ్వకూడదు లాంటివి, నెలవారీ అద్దెకు పొసిగినంత మేరకు కొనసాగుతాయి. సాగేది కొత్త అద్దే అయినా దాని గుణగణాలు పాతదాని నుంచే వస్తాయి.

అద్దె పెంపు విషయంలో ఇద్దరూ తప్పుగానే అనుకుంటారు. నెలవారీ అద్దెలో ఓనరు ఎప్పుడంటే అప్పుడు ఎంతంటే అంత పెంచవచ్చని ఒకరు, పాత కాగితం ఉంది కాబట్టి పైసా పెంచడానికి లేదని ఇంకొకరు. నెల నడుస్తుండగా ఒక పక్షమే అద్దె మార్చేయలేదు. ఓనరు చేయగలిగింది నోటీసు ఇచ్చి ఉన్న అద్దెను ముగించడం, కొత్త రేటుకైతే ఉండమనడం. అద్దెదారు కొత్త మొత్తం కట్టాడంటే ఒప్పుకున్నట్టే. మే 5న 18,900 వెళ్ళడం అలాంటి ఒప్పుకోలే. అదే రోజు 18,000 మాత్రమే వెళ్ళి, ఓనరు కిక్కురుమనకుండా ఏడాదిపాటు తీసుకుని ఉంటే, వెనక్కి వెళ్ళి నెలకు 900 చొప్పున బాకీ అడగడం చాలా బలహీనమైన వాదన అవుతుంది.

నోటీసు విషయం కాస్త నిదానంగా చూడాలి. చట్టం చెప్పే నోటీసు 15 రోజులే. అది ఇద్దరికీ సమానం. ఓనరు ఖాళీ చేయించాలన్నా 15 రోజులు, అద్దెదారు వెళ్ళిపోవాలన్నా 15 రోజులు. కానీ 106వ సెక్షన్ మొదలయ్యేదే వేరే ఒప్పందం గానీ, స్థానిక చట్టం గానీ, ఆనవాయితీ గానీ లేనప్పుడు అన్న మాటతో. పాత కాగితంలో రెండు నెలలని ఉంది. పాత షరతులు కొత్త అద్దెలోకి వస్తాయంటే ఈ రెండు నెలలూ వస్తాయని ఒకరు వాదించవచ్చు, ఆ కాగితం రిజిస్టరు కాలేదు కాబట్టి దాని షరతులు చెల్లవని మరొకరు వాదించవచ్చు. రెంటికీ బలం ఉంది. తెలివైన పని రెండు నెలలే ఇవ్వడం. ఎక్కువ గడువు ఇచ్చిన నోటీసును తక్కువైందని ఎవరూ కొట్టేయలేరు.

ఈ 15 రోజుల లెక్క వెనక పెద్ద చరిత్రే ఉంది. 2002 డిసెంబరు 31కి ముందు, నోటీసు గడువు అద్దె నెల ముగిసే రోజుతోనే ముగియాలని చట్టం పట్టుబట్టేది. మన ఇంటి అద్దె నెల ఒకటో తేదీన మొదలవుతుంది. ఆగస్టు 20న నోటీసు అంది, ఆగస్టు 31కల్లా ఖాళీ చేయమని ఉంటే 11 రోజులే దొరికాయి, నోటీసు చెల్లదు. ఆగస్టు 10న అంది సెప్టెంబరు 5కి ఖాళీ చేయమంటే 15 రోజులకు మించే దొరికాయి, అయినా నెలాఖరుతో ముగియలేదు గనుక అదీ చెల్లదు. ఏళ్ళ తరబడి నడిచిన దావాలు ఈ ఒక్క తప్పు మీద కొట్టుడుపోయేవి. మళ్ళీ నోటీసు, మళ్ళీ దావా. లాయర్లకు తప్ప ఎవరికీ ఉపయోగపడని ఈ నియమాన్ని 2003 నాటి 3వ చట్టంతో సవరించారు. ఇప్పుడు నోటీసు అందిన రోజు నుంచి 15 రోజులు లెక్కిస్తే చాలు. నోటీసులో రాసిన గడువు తక్కువైనా, దావా వేసేనాటికి 15 రోజులు నిజంగా గడిచి ఉంటే ఆ లోపం అడ్డురాదు.

నోటీసు రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. పోస్టులో పంపవచ్చు, చేతికి ఇవ్వవచ్చు, ఇంట్లోవాళ్ళకో పనివాళ్ళకో ఇవ్వవచ్చు, అదీ కుదరకపోతే ఇంటికి కనిపించే చోట అంటించవచ్చు. లిఫ్టులో ఎదురుపడ్డప్పుడు ‘వచ్చే నెల చూసుకోండి’ అనడం నోటీసు కాదు. సంతకం లేని వాట్సాప్ సందేశం మీద దావా నిలబెట్టుకోవాలనుకోవడమూ దుస్సాహసమే. నోటీసు పంపి, దాని గడువు తీరాక వచ్చిన అద్దెను మామూలుగా జేబులో వేసుకుంటే మరో చిక్కు. నోటీసును తానే వదులుకున్నట్టు అవుతుందని 113వ సెక్షన్ చెబుతుంది. ఆన్‌లైన్ బదిలీల కాలంలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే డబ్బు అడక్కుండానే ఖాతాలో పడిపోతుంది. అలా పడినప్పుడు పరిహారం కింద మాత్రమే జమ చేసుకుంటున్నానని వెంటనే రాసి పంపే ఓనరు తన నోటీసును కాపాడుకుంటాడు.

పదిహేను రోజులు అనగానే అద్దెకున్నవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. పిల్లల బడి, ఆఫీసు బస్సు, గ్యాసు కనెక్షను అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరుగుతాయి. ఆ భయం నిజానికి పావు వంతే సబబు. పదిహేను రోజులకు ముగిసేది అద్దె సంబంధం, కాపురం కాదు. ఖాళీ చేయకపోతే ఓనరు సివిలు కోర్టులో దావా వేయాలి, డిక్రీ తెచ్చుకోవాలి, దాన్ని అమలు చేయించుకోవాలి. కరెంటు తీయించడం, నీళ్ళ వాల్వు కట్టేయడం, ఊరికి వెళ్ళినప్పుడు తాళం మార్చడం చట్టం ఒప్పుకునే పనులు కావు. అలా బయటికి నెట్టేస్తే 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి, సొంత హక్కు నిరూపించుకోవాల్సిన అవసరం లేకుండానే తిరిగి లోపలికి రావచ్చు.

మిగతా ముప్పావు వంతు డబ్బుకు సంబంధించినది. నోటీసు గడువు తీరాక ఉన్న ప్రతి నెలకూ పాత అద్దె కాదు, ఆ వీధిలో నడుస్తున్న రేటు చొప్పున పరిహారం అడిగే హక్కు ఓనరుకు వస్తుంది. ఖాళీ చేయమన్న డిక్రీ మీద అప్పీలుకు వెళ్ళి స్టే కావాలన్నా, మార్కెట్టు రేటు కట్టమనే షరతు కోర్టు పెట్టవచ్చని ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు 2005 నాటికే స్పష్టం చేసింది. అయిదేళ్ళ కిందటి అద్దెకే కూర్చుని కోర్టుల్లో కాలం గడిపేద్దామనుకునేవాళ్ళకు ఇది ఖరీదైన పాఠం.

ఓనర్ల వైపు భయం వేరు. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇల్లు అద్దెదారుడిదైపోతుందట, అందుకే ఏటా కొత్త అగ్రిమెంటు రాయించుకోవాలట. ఈ కథ ప్రతి అపార్టుమెంటు సంఘంలోనూ వినిపిస్తుంది. అద్దెకు వచ్చినవాడు అద్దెదారుగా ఉన్నంతకాలం యజమాని హక్కును కాదనడానికి వీల్లేదు. పాత సాక్ష్య చట్టంలో ఆ నియమం కూడా 116వ సెక్షనే కావడం కాకతాళీయం. 2024 జూలైలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ నియమం కొనసాగింది. అద్దెదారు నుంచి ఇల్లు తిరిగి తీసుకోవడానికి కాలపరిమితి చట్టం 67వ ఆర్టికల్ ఇచ్చే గడువు 12 ఏళ్ళే గానీ, ఆ గడియారం తిరగడం మొదలయ్యేది అద్దె ముగిసిన రోజు నుంచి. నెల నెలా అద్దె అందుతూ నెలవారీ అద్దె సాగుతోందంటే ముగింపు అనేదే రాలేదు, గడియారం మొదలే కాలేదు. కాబట్టి భయపడాల్సింది అద్దె తీసుకుంటూ కాగితం రాసుకోని ఓనరు కాదు. కాగితం గడువు తీరాక అద్దె కూడా తీసుకోకుండా, విదేశంలోనో మరో ఊళ్ళోనో ఉండి, ఇంటి సంగతి మరిచిపోయినవాడు. అమెరికాలో ఉండి కూకట్‌పల్లిలో ఫ్లాటు అద్దెకిచ్చినవాళ్ళకు ఈ తేడా బాగా తెలిసి ఉండాలి.

పాత దుకాణాల సంగతి వేరే దారి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం కిందికి వచ్చే చోట్లలో ఖాళీ చేయించడానికి ఆ చట్టం చెప్పిన కారణాలే చూపాలి. అద్దె ఎగవేయడం, సొంతానికి కావాలనడం, అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడం లాంటివి. అక్కడ గడువు తీరినా అద్దెదారు చట్టం అండతోనే ఉంటాడు గనుక, ఓనరు అద్దె తీసుకున్నంత మాత్రాన కొత్త నెలవారీ అద్దె పుట్టదని సుప్రీంకోర్టు 1961లో గంగాదత్ మురార్కా కేసులోనూ, ఆ తర్వాత భావన్‌జీ లఖంసీ కేసులోనూ చెప్పింది. ఆ చట్టానికి 2005లో చేసిన సవరణ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలను బయట పెట్టింది. ఈ రోజు హైదరాబాద్‌లో 3,500కు దొరికేది ఏముంటుందో పాఠకులకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే అద్దె చట్టం చేసుకుంది గనుక అక్కడివాళ్ళు దాన్నీ చూసుకోవాలి.

ఇదే సమస్యను ఇంగ్లండ్ పూర్తిగా తలకిందులుగా పరిష్కరించింది. అక్కడ 1988 నాటి గృహ చట్టం ప్రకారం, గడువు తీరాక అద్దెదారు ఉండిపోతే నెలవారీ అద్దె దానంతట అదే పుట్టేది. యజమాని సమ్మతి ఉందా లేదా అన్న మీమాంస అక్కరలేదు. 2025 అక్టోబరులో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్ళి, 2026 మే 1 నుంచి ప్రైవేటు అద్దె ఇళ్ళలో నిర్ణీత గడువునే తీసేసింది. అక్కడి ఓనరు కారణం చూపకుండా ఖాళీ చేయించలేడు, అద్దెదారు రెండు నెలల నోటీసుతో వెళ్ళిపోవచ్చు. లండన్‌లోనో లెస్టర్‌లోనో చదువుకునే పిల్లలకు డబ్బు పంపే తెలుగు తల్లిదండ్రులు ఏడాది అగ్రిమెంటు అని అడిగితే ఇక జవాబు వేరుగా వస్తుంది. మన కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం మాత్రం సరిగ్గా ఎదురు దిక్కుకు నడిచింది. గడువు తీరాక పునరుద్ధరించకుండా ఉండిపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అది వర్తించదు. ఓనర్లకు ధైర్యమిచ్చి మూతపడ్డ ఇళ్ళు తెరిపించాలన్నది దాని ఉద్దేశం. కానీ ఇద్దరూ మంచిగా ఉన్న చోట మరిచిపోయిన తేదీకి నాలుగు రెట్ల శిక్ష అంటే మోతాదు మించిన మందే.

మన దగ్గర ఏటా కొత్త కాగితం రాయించడానికి నిజమైన కారణం చట్టం కాదు, ఆఫీసులు. జనవరి వచ్చేసరికి ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపుకు చెల్లుబాటయ్యే తేదీలున్న అగ్రిమెంటు అడుగుతారు. ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కూడా. చిరునామా రుజువుకు, పిల్లల బడికి, బ్యాంకు ఖాతాకు కూడా గడువు తీరిన కాగితం పనికిరాదంటారు. దాంతో పాత తేదీలు మార్చి ప్రింటు తీసి, వెనకటి తేదీతో స్టాంపు పేపరు కోసం వెతకడం ఒక తంతుగా మారింది. వెనకటి తేదీ వేసిన కాగితం రేపు గొడవ వచ్చినప్పుడు ఇద్దరినీ ఇరుకున పెడుతుంది. దానికి బదులు, 2025 మే 1 నుంచి నెలవారీ పద్ధతిలో కొనసాగుతున్నాం, అద్దె ఇంత, నోటీసు ఇన్నాళ్ళు, అడ్వాన్సు ఇంత ఓనరు దగ్గర ఉంది అని ఇద్దరూ సంతకం చేసిన ఒక చిన్న ఉత్తరం నిజానికి దగ్గరగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ ప్రశ్న దానికీ ఉంటుంది. అయినా అడ్వాన్సు ఎంత ముట్టిందన్నదానికి అది రసీదుగా నిలుస్తుంది.

ఆ రసీదు విలువ ఇల్లు చేతులు మారినప్పుడు తెలుస్తుంది. నెలవారీ అద్దెలో ఉన్న ఇంటిని ఓనరు అమ్మేసినా అద్దె ఆగిపోదు. 109వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు పాత ఓనరు స్థానంలోకి వస్తాడు, అద్దె అడిగే హక్కూ నోటీసు ఇచ్చే హక్కూ అతనివే. అమ్మకం సంగతి తెలియక పాత ఓనరుకే కట్టేసిన అద్దెను మళ్ళీ కట్టమని కొత్తవాడు అడగలేడు. తగాదా వచ్చేది ఆ 36,000 దగ్గర. పాతవాడు కొన్నవాడి మీదికి నెడతాడు, కొన్నవాడు తనకు ఎవరూ ఇవ్వలేదంటాడు. ఇల్లు బేరంలో ఉందని తెలిసిన రోజే, రిజిస్ట్రేషన్ కాకముందే, ఆ అడ్వాన్సు అమ్మకపు ధరలో మినహాయించుకున్నారా లేదా అన్నది ముగ్గురి సంతకాలతో రాయించుకోవాలి. అమ్మకం డబ్బు పాత ఓనరు ఖాతాలో పడ్డాక ఆ సంతకం దొరకడం కష్టం.